డాక్ కామెంట్లలోని ఉదాహరణల కవరేజ్: దేన్ని కొలుస్తున్నాం, ఎలా కొలవాలి

ఫంక్షన్ పైన దాని వాడుకను వివరిస్తూ రాసే డాక్ కామెంట్‌లో చిన్న ఉదాహరణ పెట్టడం, టూల్ ఆ ఉదాహరణను బయటికి తీసి నిజంగా నడిపి చూడటం ఇప్పుడు చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో మామూలు పద్ధతి. పైథాన్‌లో ఈ పని చేసే డాక్‌టెస్ట్ మాడ్యూల్‌ను టిమ్ పీటర్స్ రాశారు; 2001లో వెలువడిన 2.1 వెర్షన్ నుంచి అది ప్రామాణిక లైబ్రరీలో ఉంది. రస్ట్‌లో కార్గో టెస్ట్ అనే ఒకే ఆదేశం యూనిట్ టెస్టులతో (కోడ్‌లోని చిన్న భాగాలను విడిగా పరీక్షించే టెస్టులతో) పాటు లైబ్రరీ డాక్ కామెంట్లలోని కోడ్ ముక్కలను కూడా కంపైల్ చేసి నడుపుతుంది. ఎలిక్సిర్, జూలియా, డి భాషలు కూడా తమ తమ పద్ధతుల్లో ఈ సౌకర్యాన్ని కల్పించాయి. ఉదాహరణలు ఇలా టెస్టులుగా నడుస్తున్నప్పుడు, మిగతా టెస్టుల గురించి అడిగే ప్రశ్నే వీటి గురించీ అడగవలసి వస్తుంది: ఇవి కోడ్‌లో ఏ వరసలను నడిపాయి, ఏ వరసలను తాకలేదు? ఈ కొలతనే కవరేజ్ అంటారు.

ప్రశ్న సూటిగానే ఉంది. జవాబు రాబట్టడం మాత్రం అంత సులువు కాదు, ఎందుకంటే ఉదాహరణ కోడ్ కామెంట్‌లో ఉంటుంది, కంపైల్ అయ్యేటప్పుడు మరో తాత్కాలిక రూపం తీసుకుంటుంది, నడిచేటప్పుడు తరచుగా వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది. కవరేజ్ టూళ్లు మామూలుగా ఊహించేది ఇందుకు భిన్నమైన పరిస్థితిని: డిస్క్ మీద ఒక సోర్స్ ఫైల్, దాన్నుంచి వచ్చిన ఒక ప్రోగ్రామ్, ఆ రెండింటికీ మధ్య స్పష్టమైన వరస సంఖ్యల సంబంధం. ఈ సంబంధం తెగిన చోటల్లా కవరేజ్ అంకె ఎర్రర్ చూపకుండానే తప్పుగా వస్తుంది.

టూళ్ల లోపలికి వెళ్లే ముందు ఒక విషయం విడదీయాలి. ఉదాహరణల కవరేజ్ అని పిలుస్తున్న దానిలో మూడు వేర్వేరు కొలతలు కలిసిపోయి ఉన్నాయి. ఉదాహరణలు నడిచినప్పుడు లైబ్రరీ కోడ్‌లో ఎన్ని వరసలు నడిచాయన్నది మొదటిది. ఉదాహరణల్లో రాసిన వరసలు తాము నడిచాయా, లేక కంపైల్ అయి ఆగిపోయాయా, లేక టూల్ వాటిని అసలు గుర్తించనే లేదా అన్నది రెండవది. బయటి వాడుకకు ఇచ్చిన ఫంక్షన్లు, టైపులలో ఎన్నింటికి ఉదాహరణ ఉందన్నది మూడవది. రస్ట్ కోడ్‌కు వివరణ పేజీలు తయారు చేసే రస్ట్‌డాక్ టూల్‌లో ఇంకా స్థిరపడని షో-కవరేజ్ ఆప్షన్ ఈ మూడవ దాన్నే చూపుతుంది: ప్రతి ఫైల్‌కూ ఎంత శాతం అంశాలకు వివరణ ఉంది, ఎంత శాతానికి ఉదాహరణ ఉంది అని పట్టిక వేస్తుంది, కానీ ఒక్క ఉదాహరణను కూడా నడపదు. పైథాన్ లోకంలో ఇదే పని చేసే స్ఫింక్స్‌తో వచ్చే కవరేజ్ ఎక్స్‌టెన్షన్ కూడా వివరణ రాయని అంశాల జాబితా ఇచ్చేదే తప్ప కోడ్ నడకను కొలిచేది కాదు. నివేదికలో అంకె ఒకటే కనిపించినప్పుడు అది ఈ మూడింటిలో దేనిదో ముందుగా తేల్చుకోవాలి.

ఒక చిన్న ఊహా ఉదాహరణ తీసుకుందాం. సంవత్సరం, నెల, రోజు ఉన్న తేదీని పాఠ్యంగా తీసుకుని, అది ఆ ఏడాదిలో ఎన్నవ రోజో చెప్పే ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. అందులో నడవగల వరసలు 12. వాటిలో ఒకటి తేదీ రూపం తప్పుగా ఉంటే ఎర్రర్ ఇస్తుంది, ఒకటి నెల లేదా రోజు పరిధి దాటితే ఎర్రర్ ఇస్తుంది, ఒకటి లీపు సంవత్సరంలో ఫిబ్రవరి తర్వాతి తేదీలకు ఒక రోజు కలుపుతుంది. మిగతా 9 వరసలు సరైన తేదీ ఏది ఇచ్చినా నడుస్తాయి. డాక్ కామెంట్ రాసినవారు 2024-03-01 అనే తేదీ ఇచ్చి, జవాబు 61 అని చూపారు. 2024 లీపు సంవత్సరం కాబట్టి ఈ ఒక్క ఉదాహరణే 12లో 10 వరసలను నడిపింది. యూనిట్ టెస్టులు రాసినవారు 2023 నాటి తేదీలను, రెండు రకాల తప్పు తేదీలను పరీక్షించారు. అవి 11 వరసలను నడిపాయి. రెండింటినీ కలిపి నడిపితే 12కు 12 వస్తాయి, నివేదిక 100 శాతం అంటుంది.

ఆ 100 శాతంలో లీపు సంవత్సరపు వరస కేవలం డాక్ కామెంట్‌లోని ఒక ఉదాహరణ మీద ఆధారపడి ఉందన్న సంగతి ఎక్కడా కనిపించదు. రేపు ఎవరో ఆ వివరణను తిరగరాస్తూ, చదివేవారికి తేలికగా ఉంటుందని తేదీని 2023-03-01గా, జవాబును 60గా మార్చారనుకుందాం. వివరణ మెరుగైంది, టెస్టులన్నీ పాసయ్యాయి, లీపు సంవత్సరపు వరసకు మాత్రం ఇక ఏ కాపలా లేదు. మార్చినవారు తాము ఒక టెస్టును తొలగిస్తున్నామని అనుకోలేదు, వాక్యాలు సరిదిద్దుతున్నామనే అనుకున్నారు. డాక్ కామెంట్ల కవరేజ్‌ను విడిగా కొలవడానికి నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. మొత్తం శాతం పెరిగిందా తగ్గిందా అన్నదాని కన్నా, ఉదాహరణలు మాత్రమే నడుపుతున్న వరసలు ఏవన్నది తెలుసుకోవడం ఎన్నో రెట్లు ఉపయోగం.

ఇక టూళ్ల సంగతి. కవరేజ్‌ను కొలిచే మార్గాలు స్థూలంగా రెండు. కోడ్ నడుస్తుండగా ఇంటర్‌ప్రిటర్ (కోడ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) ప్రతి వరసకూ కబురు పంపేలా చేసుకోవడం ఒకటి. కంపైల్ చేసేటప్పుడే కోడ్‌లోకి లెక్కపెట్టే కౌంటర్లను చొప్పించడం రెండవది. పైథాన్‌లోని కవరేజ్.పై మొదటి మార్గంలో నడుస్తుంది. 2001లో గారెత్ రీస్ మొదలుపెట్టిన ఈ టూల్‌ను 2004 నుంచి నెడ్ బాచెల్డర్ నిర్వహిస్తున్నారు. అది ఇంటర్‌ప్రిటర్ ఇచ్చే సెట్‌ట్రేస్ సౌకర్యం మీద ఆధారపడి పెరిగింది, పైథాన్ 3.12 నుంచి తక్కువ భారంతో ఇదే పని చేసే సిస్.మానిటరింగ్ కూడా అందుబాటులోకి వచ్చింది.

పైథాన్ డాక్‌టెస్ట్ డాక్‌స్ట్రింగ్‌లో (పైథాన్‌లో డాక్ కామెంట్ స్థానంలో ఉండే పాఠ్యంలో) >>> గుర్తుతో మొదలయ్యే వరసలను ఏరి, ఒక్కొక్క ఉదాహరణను విడిగా కంపైల్ చేసి, మాడ్యూల్ నామావళికి ఒక నకలు తీసి అందులో నడుపుతుంది. కంపైల్ చేసేటప్పుడు ఆ ముక్కకు అసలు ఫైల్ పేరు ఇవ్వదు. కోణపు బ్రాకెట్లలో డాక్‌టెస్ట్ అన్న మాట, ఫంక్షన్ పేరు, ఉదాహరణ సంఖ్య కలిపి ఒక కృత్రిమమైన పేరు పెడుతుంది. అలాంటి పేరున్న ఫైల్ డిస్క్ మీద ఉండదు కాబట్టి కవరేజ్.పై దాన్ని పక్కన పెడుతుంది. ఆ ఉదాహరణ పిలిచిన లైబ్రరీ ఫంక్షన్ మాత్రం అసలు ఫైల్ పేరుతోనే కంపైల్ అయి ఉంటుంది, కాబట్టి దాని వరసలు సక్రమంగా లెక్కలోకి వస్తాయి. పైన చెప్పిన మూడు కొలతల్లో మొదటిది పైథాన్‌లో దాదాపు ఉచితంగా దొరుకుతుంది, రెండవది అసలు దొరకదు. డాక్‌స్ట్రింగ్‌లో ఇరవై ఉదాహరణలున్నా నివేదికలో ఆ వరసలు నడవగల కోడ్‌గా కనిపించవు.

మొదటిది ఉచితంగా దొరికినా అందులో ఒక వంకర ఉంది. పైథాన్‌లో ఇంపోర్ట్ అంటే మాడ్యూల్‌ను నడపడమే: ఫంక్షన్ నిర్వచనపు మొదటి వరస, క్లాస్ నిర్వచనం, పైస్థాయిలోని స్థిరాంకాలు అన్నీ ఇంపోర్ట్‌తోనే నడిచినట్టు లెక్క. టెస్టులు నడిపే పైటెస్ట్ టూల్‌కు డాక్‌టెస్ట్-మాడ్యూల్స్ ఆప్షన్ ఇస్తే, ఉదాహరణలు వెతకడానికి అది సూచించిన చోటనున్న పైథాన్ ఫైళ్లన్నింటినీ ఇంపోర్ట్ చేస్తుంది. ఒక్క ఉదాహరణ కూడా లేని మాడ్యూల్ సైతం ఆ కారణంగా కొంత శాతం కవరేజ్ తెచ్చుకుంటుంది; చిన్న చిన్న ఫంక్షన్లు చాలా ఉన్న ఫైల్‌లో ఈ ఉచిత శాతం ఆశ్చర్యం కలిగించేంత పెద్దదిగా ఉండవచ్చు. అందువల్ల ఉదాహరణలు నిజంగా ఎంత నడిపాయో తెలియాలంటే, ఏ టెస్టూ లేకుండా మాడ్యూళ్లను ఇంపోర్ట్ మాత్రమే చేసి ఒకసారి కొలిచి, ఆ వరసలను తీసివేసి చూడాలి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: కొలత మొదలయ్యే లోపే ఏదో ప్లగిన్ లేదా పైటెస్ట్ అమరికలుండే కాన్‌ఫ్‌టెస్ట్ ఫైల్ లైబ్రరీని ఇంపోర్ట్ చేసేస్తే, అదే పైస్థాయి వరసలు నడవనట్టు కనిపిస్తాయి. పైటెస్ట్‌ను కవరేజ్.పై ఇచ్చే కవరేజ్ రన్ ఆదేశం ద్వారా నడిపితే కొలత ముందుగానే మొదలవుతుంది కాబట్టి ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

అంతకన్నా జాగ్రత్తగా చూడవలసింది ఉదాహరణ అసలు దొరకకపోవడం. డాక్‌టెస్ట్ ఉదాహరణలను సోర్స్ పాఠ్యంలో వెతకదు; ఇంపోర్ట్ అయిన ఆబ్జెక్టుల డాక్‌స్ట్రింగ్‌లలో వెతుకుతుంది. ఒక ఫంక్షన్‌ను డెకరేటర్‌తో (దాని స్థానంలో మరో ఫంక్షన్‌ను నిలిపే ఏర్పాటుతో) చుట్టి, ఆ డెకరేటర్‌లో పాత డాక్‌స్ట్రింగ్‌ను నిలిపి ఉంచే ఫంక్‌టూల్స్‌లోని రాప్స్ వాడకపోతే, బయట కనిపించే ఆబ్జెక్ట్‌కు పాత డాక్‌స్ట్రింగ్ ఉండదు, దానితో పాటే ఉదాహరణా కనిపించదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నడిచిన ఉదాహరణల సంఖ్య ఒకటి తగ్గుతుంది, అంతే. ఇంటర్‌ప్రిటర్‌ను రెండింతల ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో నడిపితే డాక్‌స్ట్రింగ్‌లన్నీ తొలగిపోతాయి. అప్పుడు ఉదాహరణలు సున్నా, విఫలమైనవీ సున్నా. ఇలాంటి చోట కవరేజ్ అంకె ఒక ఆధారంగా నిలుస్తుంది, ఎందుకంటే ఉదాహరణ ఉందని సోర్స్ చెబుతున్న ఫంక్షన్ లోపలి వరసలు డాక్‌టెస్ట్ నడకలో సున్నాగా తేలితే, ఆ ఉదాహరణ నడవలేదని నిర్ధారణ అవుతుంది.

ఉదాహరణ విఫలమైనప్పటి ప్రవర్తన కూడా కొలతను మారుస్తుంది. ప్రామాణిక డాక్‌టెస్ట్ ఒక డాక్‌స్ట్రింగ్‌లో మొదటి ఉదాహరణ తప్పినా మిగతావాటిని నడుపుతూ పోతుంది. పైటెస్ట్ మాత్రం మామూలుగా మొదటి వైఫల్యం దగ్గరే ఆ డాక్‌స్ట్రింగ్‌ను వదిలేస్తుంది. కొనసాగించాలంటే ప్రత్యేక ఆప్షన్ ఇవ్వాలి. టెస్టులు విఫలమైన నడకలో వచ్చిన కవరేజ్‌ను పాసైన నడకలోని దానితో పోల్చడం ఈ కారణంగా సరికాదు.

రస్ట్‌కు వస్తే పరిస్థితి పూర్తిగా వేరు, చిక్కులూ ఎక్కువే, వాటిని అర్థం చేసుకుంటే దొరికే సమాచారమూ ఎక్కువే. రస్ట్‌డాక్ /// కామెంట్లలోని కోడ్ ముక్కను తీసి, మెయిన్ ఫంక్షన్ లేకపోతే తానే దాని చుట్టూ చేర్చి, లైబ్రరీని బయటి క్రేట్‌గా (రస్ట్‌లో విడిగా కంపైల్ అయ్యే కోడ్ యూనిట్‌గా) కలిపి, ఒక చిన్న ప్రోగ్రామ్‌గా కంపైల్ చేస్తుంది. ఉదాహరణ బయటివారి స్థానంలో నిలబడి లైబ్రరీని వాడుతుంది కాబట్టి, పబ్లిక్ కాని ఫంక్షన్లను అది నేరుగా పిలవలేదు. రస్ట్ భాష 2024 ఎడిషన్‌కు ముందు ప్రతి ఉదాహరణకూ ఒక విడి బైనరీ (నడపగల ప్రోగ్రామ్ ఫైల్) తయారయ్యేది. 2025 ఫిబ్రవరిలో 1.85 వెర్షన్‌తో వచ్చిన ఆ ఎడిషన్ నుంచి వీలైన ఉదాహరణలన్నింటినీ ఒకే బైనరీగా కలుపుతారు, విడిగా ఉండక తప్పనివాటికి స్టాండలోన్-క్రేట్ అన్న గుర్తు పెట్టుకోవచ్చు.

రస్ట్‌లో కవరేజ్ రెండవ మార్గంలో వస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 1.60 వెర్షన్‌తో స్థిరపడిన ఇన్‌స్ట్రుమెంట్-కవరేజ్ ఆప్షన్ ఇస్తే కంపైలర్ కోడ్‌లో ఎల్‌ఎల్‌వీఎం (రస్ట్ కంపైలర్ లోపల వాడుకునే టూళ్ల వ్యవస్థ) కౌంటర్లను చొప్పిస్తుంది. ప్రోగ్రామ్ సక్రమంగా ముగిసేటప్పుడు ఆ కౌంటర్ల విలువలను ప్రొఫ్‌రా అనే ముడి ఫైల్‌లో రాస్తుంది. ఎల్‌ఎల్‌వీఎం-ప్రొఫ్‌డేటా ఆ ముడి ఫైళ్లన్నింటినీ కలిపి ఒకటి చేస్తుంది. చివరికి ఎల్‌ఎల్‌వీఎం-కవ్ ఆ లెక్కలను సోర్స్ వరసలతో జత చేసి నివేదిక ఇస్తుంది. ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన విషయం ఒకటుంది: ఏ కౌంటర్ ఏ ఫైల్‌లో ఏ వరసకు చెందుతుందన్న పటం ముడి ఫైల్‌లో ఉండదు, బైనరీలో ఉంటుంది. బైనరీ లేకపోతే లెక్కలు ఉన్నా వాటికి అర్థం లేదు.

డాక్‌టెస్టుల విషయంలో మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే. రస్ట్‌డాక్ ఉదాహరణల బైనరీలను తాత్కాలిక డైరెక్టరీలో తయారు చేసి, నడిపి, తుడిచేస్తుంది. నివేదిక వేసే సమయానికి అవి ఉండవు. అందుకే వాటిని అట్టిపెట్టే పర్సిస్ట్-డాక్‌టెస్ట్స్ ఆప్షన్ పుట్టింది. అది స్థిరపడని ఆప్షన్ కాబట్టి, రోజూ వెలువడే ప్రయోగాత్మక నైట్‌లీ కంపైలర్‌తోనే వాడాలి. కార్గో-ఎల్‌ఎల్‌వీఎం-కవ్ టూల్ డాక్‌టెస్టుల కవరేజ్‌కు నైట్‌లీ అడగడానికి మూలం ఇదే. ఇక్కడే మరో చిన్న అడ్డంకి ఉంది: ఉదాహరణలను కంపైల్ చేసేది రస్ట్‌డాక్ గనక, రస్ట్‌ఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇచ్చిన ఆప్షన్లు దానికి చేరవు. కవరేజ్ ఆప్షన్‌ను రస్ట్‌డాక్‌ఫ్లాగ్స్‌లో కూడా విడిగా ఇవ్వాలి. ముడి ఫైళ్ల పేర్లకు ప్రాసెస్ సంఖ్య గాని, బైనరీ గుర్తింపు గాని లేని నమూనా ఇస్తే, వరసగా నడిచే ప్రతి ఉదాహరణా ముందుదాని ఫలితాన్ని చెరిపి రాస్తుంది. అప్పుడు వంద ఉదాహరణలు నడిచినా మిగిలేది చివరిదాని లెక్క.

లైబ్రరీ తాలూకు యూనిట్ టెస్ట్ బైనరీ ఎలాగూ ఉంది కదా, లైబ్రరీ వరసల పటం అందులో దొరకదా అని ప్రశ్న రావచ్చు. మామూలు ఫంక్షన్లకు కొంతవరకు ఆ వాదన నిలుస్తుంది. జెనరిక్ ఫంక్షన్ల (వేర్వేరు టైపులతో పనిచేసేలా రాసిన ఫంక్షన్ల) దగ్గర విరిగిపోతుంది. రస్ట్ జెనరిక్ ఫంక్షన్‌ను అది వాడిన ప్రతి టైపుకూ విడి నకలుగా తయారు చేస్తుంది. ఆ నకలు పుట్టేది లైబ్రరీలో కాదు, దాన్ని వాడిన క్రేట్‌లో. ఒక జెనరిక్ ఫంక్షన్‌ను ఉదాహరణ ఒక్కటే పిలిచిందనుకుంటే, దాని కౌంటర్లూ పటమూ ఉదాహరణ బైనరీలో మాత్రమే ఉంటాయి. ఆ బైనరీని ఎల్‌ఎల్‌వీఎం-కవ్‌కు చూపకపోతే, నిజంగా నడిచిన ఫంక్షన్ నివేదికలో ఎర్రగా, సున్నాతో కనిపిస్తుంది. ట్రెయిట్లు, ఇటరేటర్లు ఎక్కువగా ఉన్న లైబ్రరీల్లో ఇది అంచు సందర్భం కాదు, ప్రధాన సందర్భం. కాబట్టి అట్టిపెట్టిన బైనరీలన్నింటినీ నివేదికకు ఆబ్జెక్టులుగా ఇవ్వడం తప్పనిసరి.

వరస సంఖ్యల విషయంలో రస్ట్ పైథాన్ కన్నా ఒక అడుగు ముందుంది. ఉదాహరణ తాత్కాలిక ప్రోగ్రామ్‌గా మారినా, అది ఏ ఫైల్‌లో ఏ వరస దగ్గర మొదలైందో రస్ట్‌డాక్ కంపైలర్‌కు తెలియజేస్తుంది. కంపైలర్ కవరేజ్ పటాన్ని వెనక్కి సరిచేస్తుంది. ఫలితంగా నివేదికలో డాక్ కామెంట్ వరసల పక్కనే వాటి లెక్కలు కనిపిస్తాయి. ఉదాహరణలోని ఏ వరస నడిచిందో, ఏ షరతు కింది భాగం నడవలేదో చూడవచ్చు. మూడు కొలతల్లో రెండవది ఇలా చేతికి వస్తుంది.

అయితే ఈ సౌకర్యం ఒక పక్షపాతాన్ని కూడా వెంట తెస్తుంది. ఉదాహరణల వరసలు ఇప్పుడు అదే సోర్స్ ఫైల్ లెక్కలో చేరాయి. ఉదాహరణ అంటేనే మొదటి నుంచి చివరి దాకా తిన్నగా నడిచే కోడ్, కాబట్టి ఆ వరసలు దాదాపు అన్నీ నడిచినవే. పైన, కింద రెండింటా ఒకే సంఖ్య చేరితే ఒకటి కన్నా తక్కువైన భిన్నం పెరుగుతుంది: లైబ్రరీలో 100 వరసలకు 60 నడిచి, ఉదాహరణల్లో 40 వరసలుండి అన్నీ నడిస్తే, ఫైల్ శాతం 60 నుంచి 71కి చేరుతుంది. లైబ్రరీ కోడ్‌లో ఒక్క కొత్త వరస కూడా నడవలేదు. డి భాషలో కూడా ఇదే జరుగుతుంది. అక్కడ డాక్ కామెంట్ తగిలించిన యూనిట్‌టెస్ట్ బ్లాక్ వివరణలో ఉదాహరణగా అచ్చవుతుంది, అదే ఫైల్‌లో ఉంటుంది, కవ్ ఆప్షన్ ఇచ్చే జాబితాలో దాని వరసలూ లెక్కకు వస్తాయి. పరీక్షించే కోడ్‌ను పరీక్షకు గురయ్యే కోడ్‌తో కలిపి ఒకే శాతంగా చెప్పడం నాకు సమ్మతం కాదు. ఎవరైనా అలా చెబితే ఆ అంకెను సరిచేసి చదువుకోవాలి.

నడవని ఉదాహరణల సంగతి విడిగా చెప్పాలి. రస్ట్‌లో నో-రన్ అని గుర్తు పెట్టిన ముక్క కంపైల్ అవుతుంది గాని నడవదు. నెట్‌వర్క్‌ను తాకే ఉదాహరణలకు దీన్ని వాడతారు. ఇగ్నోర్ గుర్తు ఉన్నది కంపైల్ కూడా కాదు. కంపైల్-ఫెయిల్ గుర్తు ఉన్నది కంపైల్ కాకపోవడమే దాని విజయం కాబట్టి, దాన్నుంచి నడక లెక్క వచ్చే ప్రసక్తే లేదు. టైపుల సాయంతో తప్పు వాడుకను అడ్డుకునే లైబ్రరీలకు ఇవి ఎంతో విలువైన పరీక్షలు, అయినా కవరేజ్‌లో వాటి వాటా ఎప్పటికీ సున్నా. పానిక్‌తో (ప్రోగ్రామ్‌ను ఆపేసే ఎర్రర్‌తో) ముగియవలసిన షుడ్-పానిక్ ఉదాహరణలు మామూలుగా లెక్కను రాసే ముగుస్తాయి, ఎందుకంటే పానిక్ తర్వాత కూడా ప్రాసెస్ క్రమపద్ధతిలోనే బయటికి వస్తుంది. పానిక్ వచ్చిన వెంటనే అబార్ట్ అయ్యేలా కంపైల్ చేస్తే ముడి ఫైల్ రాసే అవకాశం ఉండదు, ఆ ఉదాహరణ నడిపిన వరసలన్నీ నివేదిక నుంచి మాయమవుతాయి.

గో భాష ఈ చిక్కుల్లో చాలావాటిని నిర్మాణంతోనే తప్పించుకుంది. అక్కడ ఉదాహరణలు కామెంట్లలో ఉండవు. టెస్ట్ ఫైళ్లలో ఎగ్జాంపుల్ అన్న పదంతో మొదలయ్యే మామూలు ఫంక్షన్లుగా ఉంటాయి, డాక్యుమెంటేషన్ టూల్ వాటిని తెచ్చి సంబంధిత ఫంక్షన్ పక్కన చూపుతుంది. 2013 చివర్లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి గో టెస్ట్‌లో ఉన్న కవర్ సౌకర్యం సోర్స్‌ను తిరగరాసి కౌంటర్లు చేరుస్తుంది; ఉదాహరణలు అదే టెస్ట్ బైనరీలో నడుస్తాయి కాబట్టి వాటి లెక్క అదనపు శ్రమ లేకుండా వస్తుంది. ఒక్క మెలిక ఉంది: చివర్లో అవుట్‌పుట్ కామెంట్ లేని ఎగ్జాంపుల్ ఫంక్షన్ కంపైల్ అవుతుంది తప్ప నడవదు. ఎలిక్సిర్‌లో డాక్‌టెస్ట్ మాక్రో కంపైల్ సమయంలోనే ఉదాహరణలను మామూలు టెస్టులుగా మారుస్తుంది, కవరేజ్‌ను ఎర్లాంగ్ కవర్ మాడ్యూల్ చూసుకుంటుంది, కాబట్టి అక్కడా ప్రత్యేక ఏర్పాటు అవసరం పడదు. చదివేవారికి ఫంక్షన్ పక్కనే ఉదాహరణ కనిపించడం ఎంత ముఖ్యమో, టూళ్లకు అది మామూలు కోడ్‌గా కనిపించడం అంతే ముఖ్యమని ఈ భాషల అనుభవం చెబుతోంది.

టూల్ సరిగ్గా అమర్చి, అంకె నమ్మదగినదయ్యాక కూడా, అది దేనికి రుజువు అన్న ప్రశ్న మిగులుతుంది. ఉదాహరణల విషయంలో ఈ ప్రశ్న యూనిట్ టెస్టుల కన్నా పదునుగా ఉంటుంది. రస్ట్‌లో అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే వరస) లేని ఉదాహరణ ఫంక్షన్‌ను పిలిచి, ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టి ఊరుకోవచ్చు. వాడుక చూపడానికి అది చాలు. ఆ పిలుపు కింద నడిచిన వందల వరసలు కవరేజ్‌లో పచ్చబడతాయి, కానీ ఫలితం తప్పైనా, పానిక్ రానంత వరకు, ఉదాహరణ పాసవుతుంది. పైథాన్‌లో అచ్చయ్యే విలువను తప్పనిసరిగా పోల్చి చూస్తారు గనక కొంత నయం. అక్కడ కూడా ఫలితాన్ని వేరియబుల్‌కు కేటాయించే వరస ఏమీ అచ్చు వేయదు, ఏదీ సరిచూడదు. పెద్ద పనిని ఒకే పిలుపులో చేసే లైబ్రరీకి ముఖద్వారంలో ఉండే ఒక పరిచయ ఉదాహరణ, ఇలా ఒక్కటే సగం కోడ్‌ను నడిచినట్టు చూపగలదు. వరస నడిచిందా అన్నది కాక, అది తప్పుగా మారితే ఎవరైనా పట్టుకుంటారా అన్నది తెలియాలంటే మ్యూటేషన్ టెస్టింగ్ వైపు వెళ్లాలి: కోడ్‌లో కావాలని చిన్న మార్పు చేసి, డాక్‌టెస్టులను మాత్రమే నడిపి, ఏదైనా విఫలమవుతుందా చూడటం. ఖర్చైన పని, అందులోనూ ఉదాహరణకొక బైనరీ తయారయ్యే చోట మరీ ఖర్చు. అందుకే మొత్తం కోడ్ మీద కాకుండా ఉదాహరణలు మాత్రమే తాకుతున్న వరసల మీద చేయడం మేలు.

ఆ వరసల జాబితా తయారు చేయడం కష్టం కాదు. డాక్‌టెస్టులను ఒకసారి, మిగతా టెస్టులను మరోసారి విడివిడిగా నడిపి, లెక్కలను వేర్వేరు ఫైళ్లలో ఉంచాలి. పైథాన్‌లో 2019 చివర్లో వచ్చిన కవరేజ్.పై 5.0 నుంచి కాంటెక్స్ట్ అనే ఏర్పాటు ఉంది: ప్రతి నడకకూ ఒక పేరు పెట్టి, తర్వాత కంబైన్ ఆదేశంతో అన్నింటినీ కలిపినా, ఏ వరసను ఏ పేరున్న నడక తాకిందో గుర్తుంటుంది, హెచ్‌టీఎంఎల్ నివేదికలో వరస పక్కనే ఆ పేర్లు కనిపిస్తాయి. ఇంపోర్ట్‌కు ఒక పేరు, డాక్‌టెస్టులకు ఒక పేరు, యూనిట్ టెస్టులకు ఒక పేరు పెడితే, డాక్‌టెస్ట్ పేరు ఒక్కటే ఉన్న వరసలు కోరుకున్న జాబితా అవుతాయి. రస్ట్‌లో ముడి ఫైళ్లను రెండు డైరెక్టరీల్లో వేరుగా ఉంచి, రెండు ప్రొఫ్‌డేటా ఫైళ్లుగా కలిపి, రెండు నివేదికలను వరసల స్థాయిలో పోల్చాలి. వరస స్థాయి చాలని చోట ఎల్‌ఎల్‌వీఎం ఇచ్చే రీజియన్ లెక్క ఉపయోగపడుతుంది: ఒకే వరసలో షరతు రెండు వైపులా ఉన్నప్పుడు వరస నడిచిందని ఊరుకోకుండా, ఏ సగం నడిచిందో అది చెబుతుంది.

జాబితా చేతికొచ్చాక ప్రతి వరస దగ్గరా నిర్ణయం ఒకే రకంగా ఉండనవసరం లేదు. లీపు సంవత్సరపు వరసలాంటి తర్కం ఉన్న చోట యూనిట్ టెస్ట్ రాయాలి, ఉదాహరణను వివరణ అవసరాలకు వదిలేయాలి. కేవలం మరో ఫంక్షన్‌కు పని అప్పగించే సన్నని పబ్లిక్ ఫంక్షన్ల విషయంలో ఉదాహరణే సరైన టెస్ట్, దానికి మరో నకలు అక్కర్లేదు. ఎదురు జాబితా, అంటే ఉదాహరణలు ఒక్కటీ తాకని పబ్లిక్ ఫంక్షన్ల జాబితా, టెస్టులు రాసేవారికి కాక వివరణ రాసేవారికి పంపాలి. దాంట్లో ఉన్న ప్రతిదానికీ ఉదాహరణ పెట్టమని కాదు. చదివేవారు ఎక్కడ తడబడతారో ఆ ఫంక్షన్లను ఎంచుకోవడానికి.

సీఐలో (కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులను తానే నడిపే ఏర్పాటులో) డాక్‌టెస్టుల కవరేజ్‌కు కనీస శాతం విధించే ఆలోచనకు నేను వ్యతిరేకిని. యూనిట్ టెస్టులకు అలాంటి గీత గీస్తే జరిగే నష్టం కొంత. ఉదాహరణలకు గీస్తే జరిగే నష్టం నేరుగా చదివేవారి మీద పడుతుంది. ఎర్రర్ శాఖలను పచ్చబరచడం కోసం డాక్ కామెంట్‌లో ఆరు తప్పు ఇన్‌పుట్లు వరసగా చేరితే, అసలు వాడుక ఏమిటో వెతుక్కోవలసి వస్తుంది. రస్ట్‌లో # గుర్తుతో వరసలను చదివేవారికి కనిపించకుండా దాచే వీలుంది గనక ఈ ప్రలోభం ఇంకా బలంగా ఉంటుంది: కనిపించేది రెండు వరసలు, దాచినవి పదిహేను, నడిచేది ఆ పదిహేనే. అలా దాచిన పరీక్షకు చోటు టెస్ట్ ఫైల్.

సీఐలో గీత గీయదగిన అంకెలు వేరే ఉన్నాయి. దొరికిన ఉదాహరణలు ఎన్ని, నడిచినవి ఎన్ని, కంపైల్‌తో ఆగినవి ఎన్ని, పూర్తిగా వదిలేసినవి ఎన్ని అన్న నాలుగు సంఖ్యలను ప్రతి నడకలోనూ నమోదు చేసి, దొరికినవి కారణం లేకుండా తగ్గినా, వదిలేసినవి పెరిగినా ఆపి చూడాలి. డెకరేటర్ మింగేసిన డాక్‌స్ట్రింగ్, నెట్‌వర్క్ ఇబ్బందితో ఒకరోజు తగిలించి తర్వాత తీయని ఇగ్నోర్ గుర్తు, తుడిచిపెట్టుకుపోయిన ప్రొఫ్‌రా ఫైళ్లు — వీటిలో మొదటి రెండూ ఈ సంఖ్యల్లో వెంటనే బయటపడతాయి. మూడవది పట్టుకోవడానికి, నడిచిన ఉదాహరణల ప్రాసెస్‌ల సంఖ్యతో కలపడానికి దొరికిన ముడి ఫైళ్ల సంఖ్యను సరిపోల్చే ఒక చిన్న తనిఖీని కలిపే దశకు ముందే పెట్టాలి.